కుక్కనో పిల్లినో వెంటబెట్టుకుని విమానం ఎక్కాలంటే: ఆ రోజు టెన్షన్ తగ్గించుకోవడం ఎలా

పెట్‌తో విమాన ప్రయాణం అనగానే అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. "మత్తుమందు ఇవ్వొచ్చా?", "కింద సామాన్లతో పాటు వేస్తే దానికేమీ కాదా?" అని. రెండూ అడగాల్సినవే, రెండింటికీ కింద జవాబు చెప్తాను. కానీ వాటికంటే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇంకొకటుంది: ఆ రోజు మీ కుక్కకో పిల్లికో ఎదురయ్యేవాటిలో ఎన్ని కొత్తవి? క్యారియర్ (దాన్ని మోసుకెళ్లే సంచీ) నిన్ననే కొన్నది, హార్నెస్ (ఛాతీ చుట్టూ బిగించే తొడుగు) ఈ పొద్దున్నే తొడిగినది, మందు మొదటిసారి మింగినది, కింద పరిచిన ప్యాడ్ ఎప్పుడూ వాసన చూడనిది. ఇవన్నీ ఒకే రోజు మీద పడితే ఎంత నెమ్మదస్తురాలైన జంతువైనా బెదిరిపోతుంది. ఎయిర్‌పోర్ట్ రద్దీ, ఇంజన్ హోరు మన చేతిలో లేవు. మిగతావన్నీ మాత్రం ఆ రోజుకి పాతబడిపోయి ఉండేలా చూసుకోవచ్చు. కాబట్టి ప్రయాణం రోజు చేయాల్సిన పని నిజానికి తక్కువే, దాదాపు అంతా ముందే జరగాలి.

ముందు: అసలు తీసుకెళ్లాలా?

వారం రోజుల ట్రిప్ కోసం అయితే నా సలహా, వద్దు. తెలిసినవాళ్ల దగ్గరో, మంచి బోర్డింగ్‌లోనో వదిలి వెళ్లడం దానికీ మీకూ సుఖం. ముఖ్యంగా పిల్లులు మనుషులకంటే చోటుకే ఎక్కువ అలవాటు పడతాయి, మీరు నాలుగు రోజులు కనబడకపోయినా సర్దుకుంటాయి కానీ ఇల్లు మారితే మంచం కిందకి దూరి రావు. ఇల్లు మారుతున్నారు, లేదా నెలల తరబడి ఉండబోతున్నారు అంటే అది వేరే సంగతి.

ముక్కు చప్పిడిగా ఉండే జాతులు, అంటే పగ్, బుల్‌డాగ్, బాక్సర్, షీట్జూ, పిల్లుల్లో పర్షియన్ లాంటివి అయితే ఇంకా గట్టిగా ఆలోచించండి. కుక్క ఒళ్లు చల్లబరచుకునేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. ఈ జాతులకి గాలి లోపలికి వెళ్లే దారే ఇరుకు, దానికి తోడు వేడి, భయం కలిస్తే రొప్పేకొద్దీ గొంతు లోపల వాచి ఊపిరి ఇంకా కష్టమవుతుంది. అందుకే చాలా ఎయిర్‌లైన్లు వీటిని హోల్డ్‌లో, అంటే విమానం కింద సామాన్లు పెట్టే అరలో, అసలు తీసుకోవు. మీ దగ్గర చప్పిడి ముక్కుది ఉంటే, క్యాబిన్‌లో మీ కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకునే వీలుంటేనే విమానం సంగతి ఆలోచించండి. మరీ ముసలివి, గుండె జబ్బు ఉన్నవి, కడుపుతో ఉన్నవి అయితే వెట్ డాక్టర్ మాటే ఆఖరి మాట.

రెండోది: పేపర్లు. తేదీలు వెనక నుంచి లెక్కపెట్టండి

దేశం లోపలే ప్రయాణమైతే ఇది పెద్ద విషయం కాదు. వ్యాక్సిన్ పుస్తకం, ప్రయాణానికి కొద్ది రోజుల ముందు తీసుకున్న హెల్త్ సర్టిఫికెట్ ఉంటే చాలావరకు సరిపోతుంది. దేశం దాటుతుంటే మాత్రం ఇక్కడే అందరూ దెబ్బతింటారు, ఎందుకంటే అడిగే కాగితాలు ఎక్కువని కాదు, ఒకదాని తర్వాత ఒకటి వరసలో, మధ్యలో ఇన్ని రోజులు గడిచాకే జరగాలి అనే నియమాలు ఉంటాయి కాబట్టి.

వరస ఇలా ఉంటుంది. మొదట మైక్రోచిప్. అది 15 అంకెల నంబరు ఉండే, ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయేదై ఉండాలి. బియ్యపు గింజంత ఉంటుంది, బ్యాటరీ ఏమీ ఉండదు, మెడ దగ్గర చర్మం కింద సూదితో పెడతారు. ఆ తర్వాతే, లేదంటే అదే రోజు, రేబిస్ టీకా. చిప్ కంటే ముందు వేసిన టీకాను యూరోపియన్ యూనియన్ లెక్కలోకే తీసుకోదు, ఎందుకంటే ఆ టీకా ఈ జంతువుకే వేశారని చెప్పే ఆధారం లేదు కదా. మళ్లీ వేయించుకోవాల్సిందే. మొదటిసారి వేసిన టీకా అయితే ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. కొన్ని దేశాల నుంచి వెళ్లేవాటికి దీనిపైన రక్తపరీక్ష కూడా అడుగుతారు: టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాక రక్తం తీసి, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్లు) గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నాయని తేలాలి, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే ఏమీ మొదలుపెట్టని స్థితి నుంచి నాలుగు నెలల పైమాటే.

జపాన్ అయితే చాలా దేశాల నుంచి వచ్చేవాటికి రక్తం తీశాక 180 రోజులు ఆగమంటుంది, పైగా చేరడానికి 40 రోజుల ముందే తెలియజేయాలి. ఆస్ట్రేలియాలో చాలా దేశాల నుంచి వచ్చేవాటికి మెల్‌బోర్న్ దగ్గరి మికల్‌హమ్ ప్రభుత్వ కేంద్రంలో కనీసం 10 రోజులు క్వారంటైన్ తప్పదు. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నియమాలు మార్చింది: వచ్చే ప్రతి కుక్కకీ కనీసం ఆరు నెలల వయసు ఉండాలి, చిప్ ఉండాలి, సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్ల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వస్తే ఇంకా కొన్ని కాగితాలు. బ్రిటన్‌కి విమానంలో వెళ్తే సహాయక కుక్కలు తప్ప మిగతావన్నీ కార్గోగానే వెళ్లాలి, మీ పిల్లి ఎంత చిన్నదైనా సరే ఒళ్లో పెట్టుకుని దిగడం కుదరదు. బ్రిటన్, ఐర్లండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వే దేశాలకు వెళ్లే కుక్కకి నట్టల మందు కూడా వేయించాలి, అదీ ఎప్పుడు పడితే అప్పుడు కాదు, చేరడానికి 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా. విమానం ఆలస్యమైతే ఈ గడువు దాటిపోవచ్చు కాబట్టి 120 గంటల అంచు దాకా లాగకండి.

ఇవి మారుతూ ఉంటాయి. అందుకని మీరు వెళ్లే దేశపు వ్యవసాయ శాఖ లేదా పశుసంవర్ధక శాఖ సైట్‌లో చూసిందే నమ్మండి, పోయినేడాది వెళ్లొచ్చిన స్నేహితుడి మాట కాదు. ఒక కాగితం తీసుకుని, చేరాల్సిన తేదీ కింద రాసి, ఒక్కో గడువూ వెనక్కి లెక్కపెట్టుకుంటూ పైకి రండి. పైన వచ్చిన తేదీ ఇప్పటికే దాటిపోయి ఉంటే ప్రయాణం వాయిదా వేయండి, ఏజెంటు "చూసుకుంటాం లెండి" అన్నా సరే వినకండి.

ఇంకొకటి, ఇది చిన్నదే కానీ చాలామందిని కౌంటర్ దగ్గర ఆపేసేది. చిప్ నంబరు అన్ని కాగితాల్లోనూ అంకె అంకె ఒకటేనా? వెట్ దగ్గర కూర్చుని చిప్‌ని స్కాన్ చేయించి, స్కానర్ తెర మీద కనిపించే 15 అంకెల్నీ ఒకరు చదువుతుంటే ఇంకొకరు వ్యాక్సిన్ పుస్తకంలో, సర్టిఫికెట్‌లో, ల్యాబ్ రిపోర్టులో వేలు పెట్టి సరిచూడండి. చేత్తో రాసిన చోట 1 ఏదో 7 ఏదో తెలియకుండా ఉంటే అప్పుడే తిరిగి రాయించి స్టాంపు వేయించండి.

మూడోది: మీ టికెట్ కొనకముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్

ఒక్కో విమానంలో క్యాబిన్‌లోకి ఇన్ని పెట్స్ అని కోటా ఉంటుంది. మీరు టికెట్ కొనేసి తర్వాత అడిగితే "ఈ ఫ్లైట్‌లో అయిపోయాయండీ" అంటారు. అందుకే ముందు ఫోన్ చేసి చోటు ఉందో లేదో కనుక్కుని, అదే రోజు టికెట్ కొని, వెంటనే పెట్‌ని దానికి జత చేయించండి. నోటి మాట చాలదు, ఈమెయిల్‌లో కన్ఫర్మేషన్ తెప్పించుకుని ప్రింట్ తీసుకోండి.

క్యాబిన్‌లోకి రావాలంటే బరువు హద్దు ఉంటుంది, యూరప్ ఎయిర్‌లైన్లలో చాలాచోట్ల క్యారియర్‌తో కలిపి 8 కిలోలు. క్యారియర్ బరువు కూడా అందులోనే అన్నది గుర్తుంచుకోండి. అంచుమీద ఉన్న పిల్లికి తేలికపాటి బట్ట క్యారియర్ కొంటే అదే అరకిలో కలిసొస్తుంది. ఫోన్‌లో ఉండగానే ఇంకా అడగాల్సినవి: సీటు కింద చోటు పొడవు, వెడల్పు, ఎత్తు ఎంత (విమానం రకాన్ని బట్టి మారుతుంది), వెబ్ చెక్-ఇన్ కుదురుతుందా లేక కౌంటర్‌కే రావాలా, మధ్యలో వేరే ఎయిర్‌లైన్ విమానం ఎక్కాల్సి వస్తే వాళ్లూ ఒప్పుకుంటారా. ఆఖరిది ముఖ్యం. టికెట్ ఒకే చోట కొన్నా రెండో విమానం నడిపేది వేరే కంపెనీ కావచ్చు, వాళ్ల నియమాలు వాళ్లవి.

సీటు ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు వరస, ఎమర్జెన్సీ డోర్ వరస వదిలేయండి, అక్కడ మీ ముందు సీటు ఉండదు లేదా కింద ఏమీ పెట్టనివ్వరు. డైరెక్ట్ ఫ్లైట్ దొరికితే ఇంకేమీ ఆలోచించకండి, కొంచెం ఖరీదైనా అదే. హోల్డ్‌లో పంపుతుంటే ఇది సలహా కాదు, దాదాపు షరతు అనుకోండి.

నాలుగోది: క్యారియర్ కొలత

క్యాబిన్ క్యారియర్‌కి సూత్రం ఒక్కటే: జంతువు లోపల నిలబడగలగాలి, వెనక్కి తిరగగలగాలి, పడుకోగలగాలి. మెత్తటి బట్టది, రెండు వైపులా జాలీ, జిప్పుకి చిన్న కొక్కెం ఉన్నది తీసుకోండి. పైనుంచి కూడా తెరుచుకునేదైతే పిల్లిని బయటికి తీయడం తేలిక. పక్కనుంచి లాగితే అది కాళ్లు నాలుగూ తన్నిపెట్టి కూర్చుంటుంది, మీరే చూస్తారు.

హోల్డ్‌లో వెళ్లే క్రేట్‌కి, అంటే గట్టి పెట్టెకి, మాత్రం ఐయాటా అనే అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం లెక్క ఉంది, కౌంటర్‌లో టేపు పెట్టి కొలిచేవాళ్లు కూడా ఉంటారు. కుక్కను నిలబెట్టి నాలుగు కొలతలు తీసుకోండి. ముక్కు కొన నుంచి తోక మొదలు దాకా (తోక కాదు), నేల నుంచి ముందు కాలి మోచేయి దాకా, భుజాల దగ్గర వెడల్పు, నేల నుంచి తల పైభాగం దాకా, చెవులు నిక్కబొడుచుకునే కుక్క అయితే చెవి కొన దాకా. మొదటి కొలతకి రెండోదాంట్లో సగం కలిపితే క్రేట్ పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు క్రేట్ వెడల్పు. ఆఖరి కొలతకి కింద పరిచే పరుపు మందం కలిపితే ఎత్తు. ఉదాహరణకి పొడవు 60 సెంటీమీటర్లు, మోచేయి ఎత్తు 30, భుజాలు 18, తల 58 అయితే లోపలి కొలతలు కనీసం పొడవు 75, వెడల్పు 36, ఎత్తు 58 పైన పరుపు మందం. చప్పిడి ముక్కు జాతులకి దీనిపై ఇంకో పది శాతం పెద్దది కావాలి. ఇవి లోపలి కొలతలు. షాపులో లేబుల్ మీద ఉండేది చాలాసార్లు బయటి కొలత, టేపు వెంట తీసుకెళ్లండి.

క్రేట్ తలుపు లోహపు జాలీది ఉండాలి, పై సగాన్నీ కింది సగాన్నీ కలిపే ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి లోహపు నట్లు బోల్టులు బిగించాలి. చక్రాలుంటే తీసేయాలి. నీళ్ల గిన్నె తలుపుకి లోపలివైపు బిగించి, తలుపు తీయకుండానే బయటినుంచి నీళ్లు పోయగలిగేలా ఉండాలి. బయట లైవ్ యానిమల్స్ అనే లేబుల్, ఏ వైపు పైకో చూపించే బాణం గుర్తులు అంటించాలి. ఎండుగడ్డి పరచకండి, చాలా దేశాలు దాన్ని రానివ్వవు.

అయిదోది: క్యారియర్‌ని పాతబరచడం

మొత్తం పనిలో ఎక్కువ లాభం ఉన్నదీ, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. కనీసం నెల ముందు మొదలుపెట్టండి, రెండు నెలలైతే ఇంకా మంచిది.

మొదటి వారం తలుపు తీసేసి గానీ జిప్పు పూర్తిగా తెరిచి గానీ, అది రోజూ పడుకునే చోట పెట్టి ఊరుకోండి. లోపల దాని పాత దుప్పటి వేయండి, ఉతకొద్దు. మీరు పట్టించుకోనట్టే ఉండండి. లోపలికి నెట్టడం, "వెళ్లు వెళ్లు" అని బతిమాలడం చేశారంటే దానికి అనుమానం వచ్చేస్తుంది. మెల్లగా తిండి గిన్నెని క్యారియర్ గుమ్మం దగ్గరికి, తర్వాత లోపలి అంచుకి, తర్వాత చివరికి జరపండి. తనంతట తాను లోపలికి వెళ్లి తిని, అక్కడే ఒళ్లు నాక్కుంటూ కూర్చుందంటే మొదటి మెట్టు ఎక్కేసినట్టే.

తర్వాత తలుపు మూయడం. తింటుండగా మూసి, తినడం పూర్తయ్యేలోపే తీసేయండి. రోజురోజుకీ ఆ సమయం కొంచెం కొంచెం పెంచండి. ఏడవడం మొదలుపెట్టాక తలుపు తీస్తే ఏడిస్తే తీస్తారని నేర్చుకుంటుంది, కాబట్టి అది ఏడ్చే స్థితి దాకా తీసుకెళ్లకుండా, ముందే తీయడం మన ఒడుపు. ఆ తర్వాత ఎత్తి గదిలో తిరగడం. ఎత్తేటప్పుడు హ్యాండిల్ ఒక్కటే పట్టుకుంటే క్యారియర్ ఊగుతుంది, లోపలున్నదానికి కాలి కింద నేల కదిలినట్టే ఉంటుంది. కింద ఒక చేయి పెట్టి ఛాతీకి ఆనించి పట్టుకోండి.

ఆ తర్వాత కారు. మొదట ఇంజన్ ఆన్ చేయకుండా, తర్వాత ఆన్ చేసి ఊరికే కూర్చుని, తర్వాత వీధి చివరిదాకా. ప్రతి కారు ప్రయాణమూ వెట్ దగ్గరే ఆగితే దానికి కారంటే సూదే. మధ్యమధ్యలో ఊరికే తిప్పి ఇంటికి తీసుకొచ్చేయండి. చివరి వారాల్లో జనం, చక్రాల సూట్‌కేసుల చప్పుడు ఉండే చోటికి, బస్ స్టేషనో రైల్వే స్టేషనో, తీసుకెళ్లి పావుగంట కూర్చుని రండి. కుక్కకైతే ఇది బాగా పనికొస్తుంది. పిల్లికి అంత అవసరం లేదు, క్యారియర్ మీద కప్పే పల్చటి గుడ్డకి అలవాటు చేస్తే చాలు, కళ్లకి ఏమీ కనబడకపోతే పిల్లికి సగం భయం పోతుంది.

హార్నెస్ కూడా ఇదే పద్ధతిలో. పిల్లికి హార్నెస్ మొదటిసారి తొడిగితే పక్షవాతం వచ్చినట్టు పక్కకి ఒరిగిపోతుంది. కంగారు పడకండి, అది జబ్బు కాదు, ఒంటి మీద ఏదో బిగిసినట్టు అనిపించి కదలకుండా ఉండిపోతుంది. రోజూ కొన్ని నిమిషాలు తొడిగి, తిండి పెట్టి, తీసేస్తుంటే వారం పది రోజుల్లో మామూలుగా నడుస్తుంది. ఎందుకింత పట్టుబడుతున్నానో సెక్యూరిటీ దగ్గర తెలుస్తుంది.

మత్తుమందు సంగతి

గట్టి మత్తుమందు ఇచ్చి పంపొద్దని వెట్ సంఘాలూ చెప్తాయి, చాలా ఎయిర్‌లైన్లు మత్తులో ఉన్న జంతువుని ఎక్కించుకోనే ఎక్కించుకోవు. కారణం ఉంది. ఎసిప్రోమజైన్ లాంటి మందులు రక్తపోటుని తగ్గిస్తాయి, ఒళ్లు తన వేడిని తాను సరిచేసుకునే శక్తినీ తగ్గిస్తాయి. విమానం లోపలి గాలి ఒత్తిడి దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, అక్కడ ఆ ప్రభావం ఇంకా ఇబ్బంది. పైగా మత్తులో తూలే కుక్క క్రేట్ కుదుపుకి నిలదొక్కుకోలేదు. ఇంకా ఘోరమేమిటంటే పైకి నిద్రపోతున్నట్టు కనబడినా లోపల భయం అలాగే ఉండొచ్చు.

అలాగని ఏ మందూ లేదని కాదు. క్యాబిన్‌లో మీతో వచ్చే పిల్లికి టెన్షన్ తగ్గడానికి వెట్లు గాబాపెంటిన్ రాయడం ఇప్పుడు మామూలే. వెట్ రాస్తేనే, ఆ మోతాదులోనే. ప్రయాణానికి చాలా రోజుల ముందు ఇంట్లో ఒకసారి ఇచ్చి చూడండి, ఎంతసేపటికి పనిచేస్తుంది, ఎంతసేపు ఉంటుంది, వాంతి అవుతుందా, నడక తూలుతోందా అని గమనించి డాక్టర్‌కి చెప్పండి. మనుషుల నిద్రమాత్ర సగం విరిచి పెట్టడం అనే ఇంటి తెలివి మాత్రం దయచేసి వద్దు.

ప్రయాణం రోజు

విమానం ఎక్కడానికి నాలుగు నుంచి ఆరు గంటల ముందు కొంచెమే తిండి పెట్టి ఆపేయండి. నిండు కడుపుతో వాంతి, మరీ ఖాళీ కడుపుతో చిరాకు. నీళ్లు మాత్రం ఆపొద్దు, కొద్దికొద్దిగా ఇస్తూ ఉండండి. హోల్డ్‌లో వెళ్లేదానికి ముందు రాత్రే గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెట్టుకోండి, ఎక్కించేటప్పుడు ఒలకదు, మెల్లగా కరుగుతూ దాహం తీరుస్తుంది.

కుక్కని బాగా నడిపించండి, అలసిపోవాలి, రెండుసార్లయినా పనులు కానివ్వాలి. పిల్లిని అయితే పొద్దున్నే ఒక గదిలో పెట్టి తలుపు మూసేయండి, మంచం కింద దాక్కుంటే బయలుదేరే టైమ్‌కి మీకు బీపీ పెరుగుతుంది. లిట్టర్ (అది పనులు కానిచ్చే ఇసుక పెట్టె) ఆ గదిలోనే ఉండాలి.

చేతి బ్యాగులో పెట్టాల్సినవి: కాగితాల ఫైలు (అసలు, జిరాక్స్ రెండూ), మూడు నాలుగు పీ ప్యాడ్‌లు, చెత్త కవర్లు, తడి తుడుపుకాగితాలు, మీకో జత బట్టలు (మీ ఒళ్లో వాంతి చేసుకుంటే దానికంటే మీకే అవసరం), మడిచే గిన్నె, ఒక పూట తిండి, మందులు, ఫోన్‌లో దాని తాజా ఫొటో. ప్యాడ్‌లు రెండు పొరలుగా పరచండి, పైది తడిస్తే తీసేస్తే చాలు, కిందది సిద్ధంగా ఉంటుంది.

ఎయిర్‌పోర్ట్‌కి మామూలుగా వెళ్లే టైమ్ కంటే గంట ముందే వెళ్లండి. లోపలికి వెళ్లేముందు బయటే గడ్డి కనబడితే కుక్కని ఒకసారి తిప్పండి. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో లోపల పెట్ రిలీఫ్ ఏరియా ఉంటుంది, కానీ రబ్బరు గడ్డి మీద కాలెత్తడానికి ఒప్పుకోని కుక్కలు చాలా ఉన్నాయి.

సెక్యూరిటీ దగ్గర జరిగేది ఇది. క్యారియర్ ఖాళీగా బెల్టు మీద ఎక్స్-రేలోకి వెళ్తుంది. జంతువు ఎప్పటికీ అందులోకి వెళ్లకూడదు, దాన్ని మీరు ఎత్తుకునో పట్టీతో నడిపించుకునో డిటెక్టర్ దాటాలి. అంటే మీ చేతిలో ఫోన్ లేదు, బూట్లు లేవు, వెనక పది మంది తొందరపెడుతున్నారు, ట్రేలు టకటకా కొట్టుకుంటున్నాయి, ఆ క్షణంలో పిల్లి మీ భుజం మీదికి గోళ్లు దించి ఎగబాకుతుంది. ఇందుకే హార్నెస్. క్యారియర్ తెరవకముందే, జిప్పులోంచి చేయి దూర్చి, పట్టీ హార్నెస్‌కి తగిలించి, పట్టీ చివర మీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకోండి. అప్పుడు తెరవండి. ముందు మిగతా సామానంతా బెల్టు మీద పెట్టేయండి, క్యారియర్ అన్నిటికన్నా చివర. పిల్లి అయితే అసలు వరసలోనే ఆగి, "తలుపు మూసే గదిలో తనిఖీ చేస్తారా?" అని అడగండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు, తప్పించుకున్న పిల్లిని టెర్మినల్ అంతా వెతకడం వాళ్లకీ ఇష్టం ఉండదు. లోహపు బకిల్ లేని హార్నెస్ అయితే డిటెక్టర్ మోగదు. మీ అరచేతులు గుడ్డతో తుడిచి పరీక్ష చేస్తారు, కంగారు పడనక్కర్లేదు, జంతువుని ఎత్తుకున్నవాళ్లకి అది మామూలే.

గేట్ దగ్గర జనం లేని మూల చూసి కూర్చోండి, గుడ్డ కప్పండి. పిల్లలు వచ్చి "చూడొచ్చా?" అంటారు. మొహమాటం లేకుండా నిద్రపోతోందని చెప్పండి.

విమానంలో

క్యారియర్ ముందు సీటు కింద, జాలీ మీవైపు ఉండేలా. దిగేవరకు బయటికి తీయకూడదు, తల కూడా. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ వాటికీ చెవులు దిబ్బడ వేస్తాయి. మింగితే సర్దుకుంటుంది కాబట్టి జిప్పు సందులోంచి చిన్న చిన్న ట్రీట్లు ఇవ్వండి, తినకపోతే బలవంతం వద్దు. వేలు లోపలికి పెట్టి ఉంచితే చాలావాటికి అదే ధైర్యం. అరిస్తే పక్కవాళ్ల వైపు చూసి సిగ్గుపడుతూ దాన్ని "ష్ ష్" అని గద్దించకండి, మీ గొంతులో కంగారు దానికి తెలిసిపోతుంది. మామూలు గొంతుతో రెండు మాటలు చెప్పి ఊరుకోండి. ఇంజన్ హోరు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఎగిరిన కాసేపటికి చాలావరకు పడుకుంటాయి.

ఒక్కటి మాత్రం గమనిస్తూ ఉండండి. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తోందంటే అది మామూలు టెన్షన్ కాదు. కుక్క ఆపకుండా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడి, చొంగ కారుస్తూ ఉంటే వేడెక్కిపోతోందని అర్థం. పైన ఉండే గాలి నాజిల్‌ని క్యారియర్ వైపు తిప్పి, కప్పిన గుడ్డ తీసేసి, ప్యాడ్ అంచు తడిపి పాదాలకి, చెవులకి అద్దండి, క్రూకి చెప్పండి.

హోల్డ్‌లో పంపాల్సి వస్తే

జంతువుల్ని పెట్టే అరలో గాలి ఒత్తిడి పైన క్యాబిన్‌లో ఉన్నట్టే ఉంటుంది, వేడి కూడా సర్దుతారు, లోపల జీవం ఉందని పైలట్‌కి రాతపూర్వకంగా తెలియజేస్తారు. గాలిలో ఉన్నంతసేపూ పరవాలేదు. ప్రమాదం ఎక్కువగా నేల మీదే, విమానం పక్కన ఎండలోనో చలిలోనో క్రేట్ ఎక్కించడానికి ఎదురుచూసే ఆ కాసేపే. అందుకే అమెరికా ఎయిర్‌లైన్లు చాలావరకు 29 డిగ్రీల సెల్సియస్ పైన, 7 డిగ్రీల కింద జంతువుల్ని తీసుకోవు. ఎండాకాలం తెల్లవారుజామునో రాత్రో, చలికాలం మధ్యాహ్నమో ఫ్లైట్ చూసుకోండి.

మీరు సీట్లో కూర్చోగానే క్రూని పిలిచి "కింద నా కుక్క ఉంది, ఎక్కించారో లేదో కనుక్కుని చెప్తారా?" అని మర్యాదగా అడగండి. అడగడానికి సంకోచించొద్దు. విమానం గేట్ దగ్గరే గంటల కొద్దీ ఆగిపోతే మళ్లీ గుర్తుచేయండి. క్రేట్ పైన మీ పేరు, రెండు ఫోన్ నంబర్లు, చివరిసారి ఎప్పుడు తిన్నది, ఎప్పుడు నీళ్లు తాగింది అన్నది పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. తలుపుకి తాళం వేయొద్దు, ఏదైనా జరిగితే వాళ్లు తీయగలగాలి.

దిగాక

కుక్క అయితే సామాను కోసం నిలబడేముందే బయటికి తీసుకెళ్లి పనులు కానివ్వండి. హోటల్‌కో ఇంటికో చేరాక పిల్లికి ఒక్క చిన్న గది చాలు, బాత్రూమ్ అయినా సరే: లిట్టర్ ఒక మూల, నీళ్లు ఇంకో మూల, క్యారియర్ తలుపు తెరిచి మధ్యలో. తనంతట తాను బయటికి వచ్చేదాకా వదిలేయండి. కుక్కకి ఒకటి రెండు రోజులు విరేచనం పల్చగా అవడం టెన్షన్ వల్ల జరిగేదే, రక్తం పడితేనో, నీరసపడిపోతేనో వెట్ దగ్గరికి. పిల్లి విషయంలో రెండు హద్దులు గుర్తుపెట్టుకోండి. మగ పిల్లి మాటిమాటికీ లిట్టర్‌లో కూర్చుంటూ చుక్క కూడా పోయలేకపోతుంటే మూత్రం అడ్డుపడి ఉండొచ్చు, అది తెల్లవారేదాకా ఆగే విషయం కాదు. ఏ పిల్లి అయినా రెండు రోజులు పూర్తిగా తిండి మానేస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది, "అలిగింది, అదే తింటుందిలే" అని చూస్తూ కూర్చోకండి.

తిరుగు ప్రయాణం ఉంటే సర్టిఫికెట్ మళ్లీ కొత్తది కావాలేమో ఆ వారంలోనే కనుక్కోండి, ఎందుకంటే వెళ్లేటప్పటి కాగితం వచ్చేటప్పుడు చాలాసార్లు పనిచేయదు, అక్కడి వెట్ అపాయింట్‌మెంట్ దొరకడానికీ, ప్రభుత్వ స్టాంపు పడడానికీ రోజులు పడతాయి. ఈలోపు క్యారియర్‌ని మడిచి అల్మారాలో పెట్టేయకుండా దుప్పటితో సహా గదిలో తెరిచే ఉంచండి.